కత్తి పిడి మీది కట్టు

మొన్న సోమవారం మా సేటు సూర్యాపేట కొట్లోకి లేజర్ మిషను దించాడు. ఫోనులో ఫోటో చూపిస్తే చాలు, నీళ్ల సీసా మీద రెండు నిమిషాల్లో మనిషి మొహం దిగిపోతుంది, మీసాలతో సహా. సేటు మంచివాడే. "ఇగ నువ్వు జర ఆరాం తీసుకో, ఊకె మెడ నొప్పంటవ్ గద" అన్నాడు. ఆ మాట వినగానే ఇన్నేళ్ల అలసటా ఒక్కసారే మీద పడ్డట్టయింది. ముప్పై ఏళ్లు స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిన చెయ్యి నాది. పేర్లు కొట్టే చేతి మిషను ఆపినా వేళ్లలో వణుకు ఆగదు, అన్నం కలుపుకునేటప్పుడు కూడా ఉంటుంది. పాత మిషను తుడిచి సొరుగులో పెడుతూ, ఇన్నేళ్లలో నా సొంతంగా గీసిన బొమ్మ ఒక్కటైనా ఉందా అని ఆలోచించాను. ఒకే ఒక్కటి ఉంది. అది మా మేనమామ తెచ్చిన మడత కత్తి పిడి మీద ఉంది.

అసలు గిన్నెల మీద పేర్లు కొట్టేవాడికి సొంత బొమ్మలతో పనేముంది? గృహప్రవేశానికి ఇచ్చే బిందె మీద ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, అంతే. కోదాడ వైపు వాళ్లు పేరు చివర "గారు" తప్పకుండా వేయమంటారు, తమ పేరుకు తామే. మా చివ్వెంల వాళ్లకు గౌరవం లేకపోయినా ఫర్వాలేదు, ఊరి పేరు పెద్దగా పడాలి. ఒకావిడైతే తన పేరు కంటే ఆడబిడ్డ పేరు కాస్త పెద్దగా పడిందని పళ్లెం నా ముందే విసిరికొట్టింది. బిందెలో నీళ్లు నిలవకపోయినా ఎవరూ అడగరు కానీ, ఇచ్చిందెవరో మాత్రం తెలియాలి. అట్లా ఏ వస్తువు చేతికొచ్చినా చివర ఇచ్చినవాళ్ల పేరు పడితే తప్ప నా చెయ్యి ఆగని అలవాటయింది.

మామది నిడమనూరు దగ్గర ఒక పల్లె. బత్తాయి నర్సరీల్లో అంట్లు కట్టడం ఆయన పని. నిమ్మ మొక్క బెరడు కత్తితో చీల్చి, మంచి బత్తాయి చెట్టు నుంచి కోసిన కన్ను, అంటే చిగురేసే మొగ్గ, అందులో ఇరికించేవాడు. పక్కనే కూర్చున్న మా అత్త దాన్ని ప్లాస్టిక్ పట్టీతో చుట్టి కట్టేది. ఆయన కోయడం, ఆమె కట్టడం. వంచిన నడుము ఎత్తకుండా ఇద్దరూ సాలు చివరిదాకా జరుగుతూ పోయేవాళ్లు. కత్తి మామ జేబులో ఉండేది, పేరూ మామకే వచ్చేది. ఆయన చెయ్యి పడితే కన్ను చావదని మిర్యాలగూడ దాకా చెప్పుకునేవాళ్లు. కట్టిన చెయ్యి గురించి ఎవరైనా ఒక మాట అనగా నేను వినలేదు. నేనూ అనలేదు.

ఐదేళ్ల కింద మామకు కుడి పక్క పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి వచ్చాక కాలు కొంచెం దారికొచ్చింది కానీ చెయ్యి రాలేదు. నర్సరీ వాళ్లు ఒక సీజను ఆగారు. రెండో సీజనుకు కబురు పెట్టారు, అత్త కోస్తానంటే సరే, లేదంటే వేరేవాళ్లను పెట్టుకుంటామని. అత్తకు కోయడం వచ్చు. పెరట్లో నిమ్మ మొక్కకు వంటింటి కత్తితో తను పెట్టిన కన్ను చిగురేసింది కూడా. ఆ ఇంటికి వేరే ఆదరువు లేదు. అయినా మామ కత్తి మాత్రం ముట్టనంది. "అది నేను పడితే, నీకు ఇగ చెయ్యి రాదని నేనే చెప్పినట్టయితది" అందట ఆయనతో.

అందుకని మామ కొత్త కత్తి కొన్నాడు. ఉన్న ఒక్క చేత్తోనే సంచీ, బస్సు కడ్డీ రెండూ పట్టుకుని, మిర్యాలగూడలో బస్సు మారి వచ్చి నా ముందు కూలబడ్డాడు. ఇత్తడి పిడి, నున్నగా, ఒక్క గీత లేకుండా ఉంది.

"అల్లుడా, దీని మీద ఏమన్న బొమ్మ చెక్కు. సూడంగనే ఇది మీ అత్తదే అని తెల్వాలె. నా పేరు మాత్రం కొట్టకు. నాదనిపిస్తే ముట్టదు."

మొదట కాగితం మీద నెమలిని గీసి, వాళ్ల పక్కింటివాళ్ల ఫోనుకు ఫోటో పంపాను. "ఇది పెండ్లి బిందె" అన్నాడు. వారం కూర్చుని బత్తాయి కొమ్మ గీశాను, రెండు కాయలతో. "ఇది నర్సరీ బోర్డు" అన్నాడు. పగలంతా కొట్టు పని, మెడ విరిగిపోతోంది, పైగా ఈయన విసుర్లు. ఒళ్లు మండి, "అసలు అత్త ఏం చేస్తది మామా ఆడ?" అని అడిగాను. "ఏం చేస్తది? కడ్తది" అన్నాడు.

నాలుగు రోజులకు అత్త కట్టిన మొక్క ఒకటి సంచిలో పెట్టుకుని మళ్లీ వచ్చాడు. కన్ను కింద మూడు చుట్లు, పైన మూడు చుట్లు, మధ్యలో కన్ను ఒక్కటే తొంగి చూస్తూ ఉంది. ఒక్కో చుట్టు కింది చుట్టును సగం కప్పుకుని ఎక్కింది. అదే బొమ్మ అనుకున్నాను. కాగితం మీద గీయడం తేలికే. మడత కత్తి పిడికి రెండు చెంపలు, మధ్యలో కత్తి దాక్కునే గాడి. ఒక చెంప మీద వాలుగా ఎక్కిన గీత, గాడి దాటి రెండో చెంప మీద అదే ఎత్తున అందుకోవాలి. వెంట్రుకంత తప్పినా కట్టు ఊడినట్టు కనపడుతుంది. కాగితం పిడికి చుట్టి చూడటం, విప్పి చెరపడం, మళ్లీ గీయడం. గీత లోతుగా పడితే అరచెయ్యి బొబ్బలెక్కుతుంది, పైపైన పడితే నాలుగు రోజుల్లో అరిగిపోతుంది. మిషను ఇత్తడి మీద జారుతోందని, ఎప్పుడో మూలన పడేసిన ఉలి, చిన్న సుత్తి తీశాను. కళ్లు మసకలయ్యేదాకా కూర్చుని పది రోజుల్లో పూర్తి చేశాను. అమ్మయ్య అనుకున్నాను. అట్లా అనుకుంటూనే, పిడి చివర ఇంత ఖాళీ కనపడేసరికి, నా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఇచ్చినవాడి పేరు. మామ పేరులో మొదటి అక్షరం పూర్తయ్యాక గానీ నాకు తెలివి రాలేదు. ఆకురాయితో రుద్దితే పక్కనున్న చుట్టు కూడా పోతుంది. ఆ రోజు నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

ఆదివారం నేనే తీసుకెళ్లాను. మామ చూశాడు. "గిదొక్కటి ఒద్దంటి గద అల్లుడా" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. మా వైపు కత్తి చేతికి చేతికి ఇవ్వరు, తగవులొస్తాయంటారు. కింద పెడితే కావలసినవాళ్లు తీసుకోవాలి. మామ దాన్ని అరుగు మీద పెట్టి మొహం పక్కకు తిప్పుకున్నాడు. అత్త చాయ ఇచ్చింది, గ్లాసులు కడిగింది, వాకిలి ఊడ్చింది, కత్తి ఉన్న చోటు వదిలేసి. చివరికి వంగి చూసింది.

"ఇది నా కట్టు గద!" అని నవ్వింది. వెంటనే నవ్వు ఆగింది. "మరి ఈ అక్షరమేంది?"

"తప్పయింది అత్తా. నా చెయ్యి అలవాటు పాడుగాను."

అత్త ఇంకా వంగి ఆ అక్షరాన్ని మళ్లీ చూసింది. తర్వాత మామ వైపు తిరిగింది. "ఈ అక్షరం గిన లేకపోతే నేను ముట్టకపోదును. నిన్ను పక్కకు పెట్టి నాకొక్కదానికే కత్తి ఇస్తవా? నువ్వొచ్చి నా పక్కన కూసోవాలె. ఎడమ చెయ్యి ఉంది గద, పట్టీలు అందియ్యాలె. అయితేనే కత్తి పడ్త." అని కత్తి తీసి, విప్పి, అంచు చూసి, మళ్లీ మడిచి కొంగులో ముడేసుకుంది.

మామ ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది కానీ, కొత్తగా తప్పు చేసినవాణ్ని కదా, తల దించుకున్నాను.

మూడు సీజన్లు వాళ్లిద్దరూ అట్లాగే నర్సరీ పనికి పోయారు, ఆమె కోసి కడుతూ, ఆయన సాలు పక్కన పీట జరుపుకుంటూ పట్టీలు అందిస్తూ. పోయిన వానాకాలంలో మామ పోయాడు. చెయ్యి చివరిదాకా రాలేదు, ఇగ రాదని అత్త ఒక్కసారి కూడా అనలేదు. కాలం మనిషి చేతిలో పనిని లాక్కునే తీరుతుంది. లాక్కున్నాక కూడా పక్కన కూర్చోమని పీట వేసేవాళ్లు ఏ కొందరికో ఉంటారు.