పాపాయమ్మ పరీక్ష

రామచంద్రపురం మెయిన్‌రోడ్డులో శుభలేఖలు, క్యాలెండర్లు అచ్చువేసే షాపు రామలక్ష్మిగారిది. నేను అక్కడ పన్నెండేళ్లు ప్రూఫులు దిద్దాను. ఊళ్లో ఆవిడకి మొండిమనిషని పేరు. అలాంటి మొండితనం ఇంకో నలుగురికి ఉంటే బాగుండునని నా ఉద్దేశం.

ఆవిడ దగ్గర తిథులు లెక్కకట్టే ప్రోగ్రాం ఒకటి ఉండేది, పెర్ల్ అనే కంప్యూటరు భాషలో రాసింది. ఎవరో లెక్చరరు రాసి, ఎవరైనా వాడుకోండి, దిద్దుకోండి అని ఇంటర్నెట్‌లో పెట్టి వదిలేశారు. తొంభై ఎనిమిదిలో దాని బాగోగులు ఈవిడ నెత్తిన వేసుకున్నారు.

మరుసటేడే పప్పులో కాలేశారు. కంప్యూటరులో తేదీ అర్ధరాత్రికి మారుతుంది కదా అని తిథినీ అలాగే మార్చారు. పంచాంగంలో సోమవారం కింద ఏకాదశి తెల్లవారుజాము 4.20 వరకు అని ఉంటే, ఆ వేళకి మంగళవారం వచ్చేసినట్టేగా అనుకుని, ఏకాదశిని మంగళవారం గడిలో వేశారు. ఆ క్యాలెండరు నమ్మి ఆవిడ అత్తగారు పాపాయమ్మగారు సోమవారం శుభ్రంగా భోంచేశారు. సాయంత్రం గుడిలో పూజారి చెబితే గాని తెలియలేదు.

"నలభయ్యేళ్లలో ఏకాదశినాడు మెతుకు ముట్టలేదే. నీ క్యాలెండరు ముట్టించింది," అన్నారావిడ. "అయినా సూర్యుడు రాకుండా రోజెలా మారుద్దే?"

రామలక్ష్మిగారు ఏడ్చారు. ఆనక అటక మీదున్న ముప్పై ఏళ్ల పంచాంగాలు దింపించారు. ఏడాదిన్నరపాటు మధ్యాహ్నాలు అత్తగారు చదవడం, కోడలు టైపు చెయ్యడం. ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా దాని లెక్క ఆ పంచాంగాల్లోని రోజులన్నిటితో సరిపోవాలి. ఒక్కటి తప్పినా తెర మీద ఎర్రగా "పాపాయమ్మ ఒప్పుకోలేదు" అని వస్తుంది. ఆ కాపలా పెట్టుకునే పాత కోడంతా విడగొట్టి, కొత్త పెర్ల్‌కి మార్చి, ఏ కంప్యూటరులోనైనా కనబడే యూనికోడ్ తెలుగు తెచ్చారు. అత్తగారు రెండువేల మూడులో పోయారు. పరీక్ష ఉండిపోయింది.

రెండువేల ఆరులో శివరామకృష్ణ అనే హైదరాబాద్ ఇంజనీరు సామర్లకోటలో రైలు దిగి షాపుకొచ్చాడు. తెలుగు సాఫ్ట్‌వేర్లు ఏటా ఉచితంగా పంచే సీడీ అతని బృందానిది. ఈ ప్రోగ్రాం పదిమందికీ చేరేది ఆ సీడీతోనే.

"ఇంకా పెర్ల్ ఏంటండి మేడం? దాని పని అయిపోయింది. నేను జావాలో కొత్తగా రాసేశాను. ఈసారి సీడీలో మీది తీసేస్తున్నామండి."

నాకు ఒళ్లు మండింది. ఎనిమిదేళ్ల చాకిరీని కాఫీ తాగినంత సేపట్లో తీసేస్తాడట! ఆవిడ మాత్రం కుర్చీ చూపించారు.

"కొత్తదంటే నాకేం కోపం లేదు బాబూ. మీ లెక్క ముందు మా అత్తగారికి చూపించండి."

అతను నవ్వుతూనే తన లెక్కల్ని పరీక్షకి పెట్టాడు. తెర నిండా ఎరుపు. అందులో ఆ సోమవారం కూడా ఉంది.

"తెల్లవారుజాము నాలుగంటే మంగళవారమే కదండీ? మీ పరీక్షలోనే తప్పుంది. అది తీసేస్తే సరిపోద్ది."

ఆవిడ లేచి నిలబడ్డారు.

"ప్రోగ్రాం తీసెయ్యండి. నా పేరూ తీసెయ్యండి. ఆ పరీక్ష మీద చెయ్యి వేశారంటే ఊరుకోను. మా అత్తగారి చేత ఒకసారి తినిపించాను. ఇంకే ఇంట్లోనూ ఎవరి చేతా తినిపించనివ్వను."

శివరామకృష్ణ తెర మీద ఎర్రబడ్డ తేదీలన్నీ ఒక్కొక్కటే కాగితం మీద రాసుకుని వెళ్లాడు. ఆ ఏడు సీడీలో పెర్ల్ ప్రోగ్రామే వచ్చింది. మరుసటేడు అతని జావాదీ వచ్చింది, లోపల పాపాయమ్మ పరీక్షతో సహా.