గ్వాకమోలికి తాలింపు

గ్వాకమోలి అనే విదేశీ పచ్చడిని బెంగళూరు హోటల్లో తిని వచ్చిన మా బామ్మర్ది రెడ్డెప్ప, "అది ఇండ్లల్లో కుదిరేది కాదులే బావా, పుస్తకాలు సదివి చేసేది అసలే కాదు" అని పోయిన నెల పదిమందిలో అన్నాడు. ఆ పెద్దమనిషి జీవితంలో శ్రద్ధగా చదివింది హోటల్ మెనూలే. అతని నోరు మూయించాలనే, గ్వాకమోలి నేనే చేస్తానని చెప్పి ఈ రోజు భోజనానికి పిలిచాను.

నెట్ సెంటర్లో తయారీ విధానం ప్రింటు తీయించుకున్నాను. మదనపల్లె బజారంతా తిరిగి మెత్తగా పండిన బటర్ ఫ్రూట్లు, అదే అవకాడోలు, ఏరి తెచ్చాను. గుజ్జును ఫోర్కుతో పలుకుగా మెదిపి ఉల్లిపాయ, పచ్చిమిరప, కొత్తిమీర, గింజలు తీసిన టమాటా ముక్కలు, ఉప్పు, నిమ్మరసం కలిపాను. చక్కగా కుదిరింది. గిన్నె వంటింట్లో పెట్టి చొక్కా మార్చుకోవడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి మా ఆవిడ ఆవాలు, ఎండుమిరప, ఇంగువ వేసిన వేడి తాలింపును దాని మీద పోసేసింది.

"ఏం పని చేసినావే?" అని అరిచాను.

"తిరగవాత లేకుండా పచ్చడి యాడన్నా వడ్డిస్తారా? మర్సిపోయినారేమో అనుకుంటి."

రెడ్డెప్ప దాన్ని సంగటిలో నంజుకుని, మళ్లీ మళ్లీ వేయించుకుని, గిన్నె వేలితో తుడిచాడు. "అక్కా, పచ్చడి బలే ఉండాది" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "అవునూ బావా, నువ్వేందో చేస్తానంటివే, అది యాడ?" అన్నాడు.

ఖాళీ గిన్నెను చూపించి ఏమని వాదించను? నేను మజ్జిగ పోసుకుని లేచాను. మీరైతే ఏం చెప్పేవారో రాయండి, రేపు ఫోన్ చేసి అంటాను.