కొండ కింది వీధికి ఇవ్వని ఆదివారం

మొన్న హిందూపురంలో కూతురింట్లో కాఫీ తాగుతూ కూర్చున్న నాకు, సెలవుకు వచ్చిన మనవడు ఫోనులో ఫోటోలు చూపించాడు. బెంగుళూరు నుంచి స్నేహితులను వెంటేసుకుని పెనుకొండ కొండ ఎక్కడానికి పోయాడట. మా కాలంలో కట్టెలకో మొక్కుకో తప్ప కొండెక్కినవాణ్ణి పనీపాటా లేనివాడనేవాళ్లు, ఇప్పుడు దానికోసం ప్రత్యేకంగా బూట్లు కూడా కొంటున్నారు. ఊరి కుర్రవాళ్లు దారి పొడవునా రాళ్లమీద బాణం గుర్తులు వేశారట, చెత్త ఏరి ఎత్తిపోస్తున్నారట, ఎక్కేవాళ్లకు మజ్జిగా టోపీలూ అమ్మి ఆ డబ్బుతో మలుపు మలుపుకూ కూర్చునే బల్లలు వేయిస్తున్నారట. మావాడు అంతటితో ఊరుకున్నాడా, ఈ దారి మొట్టమొదట వేయించింది మా ముత్తాతే అని అక్కడున్నవాళ్లందరికీ చెప్పుకున్నాడట. ఇంట్లో అందరూ మురిసిపోయారు. నేను మాత్రం గ్లాసు కడిగే నెపంతో లేచి వంటింట్లోకి పోయాను, ముఖం భగ్గున వేడెక్కితే కొళాయి తిప్పి నీళ్లు చల్లుకున్నాను. ఈ వయసులో ఇంకా ఏం సిగ్గు అని పిల్లలు నవ్వుతారు గాని, నా ఈడువాళ్లకు చెప్పుకుంటే అర్థమవుతుందన్న ఆశతో ఇది రాస్తున్నాను.

నేను ధర్మవరం పిల్లను. మగ్గాల చప్పుడుకే నిద్రపోయి, ఆ చప్పుడుకే లేచిన ఇల్లు మాది. పెళ్లయి పెనుకొండకు వచ్చిన కొత్తలో ఇంత నిశ్శబ్దంలో ఎట్లా నిద్రపోతారు వీళ్లు అనుకునేదాన్ని. ఆ నిశ్శబ్దం ఎన్నాళ్లో నిలవలేదు లెండి. మా మామకు బజారులో పాత్రల అంగడి ఉండేది, అంగడి కట్టేసిన తరువాత ఆయనకు ఊరి బాగు తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. సాయంత్రమైతే చాలు ఆయన స్నేహితులంతా మా అరుగుమీద చేరేవారు. ఊరిని బాగుచేసేది వాళ్లూ, గ్లాసులు కడిగేది అత్తా నేనూ. కాఫీపొడి ఖర్చులోనే ఇంకో కోట కట్టొచ్చునని అత్త నాతో గొణిగేది, ఆయన పిలిస్తే మాత్రం కొంగు సర్దుకుని వస్తున్నానని పలికేది.

వాళ్లు తలపెట్టిన పని కొండదారి. వానలకు కొట్టుకుపోయి మేకలు తప్ప ఎవరూ పోలేనట్లున్న ఆ దారికి కింది నుంచి నడిమి మంటపం దాకా రాతి మెట్లు వేయించాలనీ, అట్లా చేస్తే బెంగుళూరు బస్సుల్లో పోయేవాళ్లు ఒక పూట మన ఊళ్లో దిగుతారనీ, దిగితే అంగళ్లు నాలుగు బాగుపడతాయనీ వాళ్ల ఆలోచన. దానికి డబ్బు కావాలి కదా. చందా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరగడం మామకు చచ్చినా గిట్టదు. ఊరు తన ఒళ్లు వంచి సంపాదించుకోవాలి, పనికిరాక పడి ఉన్నదాన్ని పనికొచ్చేట్టు చేసి అమ్మాలి, అదీ ఆయన పట్టు. అందుకని ఒక్కో వీధికి ఒక్కో ఆదివారం పంచారు. బజారు వీధివాళ్లు కుంటలో పూడిక తీస్తే ఆ ఒండ్రుమట్టిని చుట్టుపక్కల రైతులు బండ్లు కట్టుకుని వచ్చి కొనుక్కుపోయారు. ఇంకో వీధివాళ్లు బస్టాండు వెనక ఏళ్లతరబడి పేరుకున్న దిబ్బను తవ్వి ఎరువుగా అమ్మారు. కుంట బాగుపడింది, బస్టాండు బాగుపడింది, పెట్టెలో డబ్బూ చేరింది. మా ఆదివారం ఎప్పుడని వీధులు పోట్లాడుకునేంత ఉత్సాహం వచ్చింది ఊరికి. మా వీధి ఆదివారం నాడు నేను కూడా కొంగు బిగించి మట్టితట్ట మోశాను, కొత్తకోడలు తట్ట ఎత్తిందని అందరూ చూస్తుంటే గర్వంగా ఉండింది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఉగాది ముందర కొండదారికి అటూ ఇటూ అల్లుకుపోయిన ముళ్లకంప కొట్టే పని పెట్టుకున్నారు. కంప కొట్టినట్లూ ఉంటుంది, కట్టెను బొగ్గులవాళ్లకు అమ్మితే మెట్లకు రాళ్లూ వస్తాయి. రెండు మూడు వీధులవాళ్లు కలిసి గొడ్డళ్లతో పోయి, కంపతో పాటు ఆ పక్కన ఆకు కూడా లేకుండా ఎండి నిలబడిన పొదలన్నిటినీ మొదలంటా నరికేశారు. సాయంత్రం చూస్తే కొండ ఆ వైపంతా నున్నగా గీసిన గడ్డంలాగా ఉండింది. ఆ రోజు వచ్చినంత సొమ్ము మరే ఆదివారమూ రాలేదని మామ ఆ రాత్రి ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొండ వెనక, ఊరికి చివర, ఒక చిన్న వాడ ఉండేది. నోటిమాటకు కొండ కింది వీధి అనేవాళ్లమే గాని వీధుల లెక్కలో దాన్ని ఎవరూ వేసేవారు కాదు. ఏడాదంతా ఎవరి చేలోనో కూలికి పోయే ఆ ఆడవాళ్లకు సీతాఫలాల కాలం ఒక్కటే సొంత సంపాదన. తెల్లవారి కొండెక్కి కాయలు కోసి, గడ్డిలో మాగేసి, గంపల్లో పెట్టుకుని బస్సు కిటికీల వెంట పరిగెత్తి అమ్మేవాళ్లు. గుడిసెమీదికి బోదగడ్డి కప్పించుకోవాలన్నా, పిల్లలకు గుడ్డలు కుట్టించాలన్నా ఆ పండ్లమీదే. వాళ్లలో పెద్దావిడ మా ఇంటికి కూడా తెచ్చి పోసేది, ఆమెను పండ్లవ్వ అనేవాళ్లం.

ఉగాది పోయిన తరువాత ఒకరోజు ఆ అవ్వ చింతచిగురు అమ్ముతూ మా గడప దగ్గర కూర్చుంది. అత్త చిగురు ఒళ్లో పోయించుకుంటూ, మాటవరసకు, ఈసారి సీతాఫలాలు బాగా కాస్తాయా అని అడిగింది.

"యాడి పండ్లమ్మా, చెట్లన్నీ కొట్టేసినారు గదా. ఈ కాలంలో అవి ఆకు రాలుస్తాయి, చచ్చినాయి అనుకునింటారు. తెలీక చేసినారులే."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు, చింతచిగురు ధర చెప్పినట్లే చెప్పింది. లోపల వింటున్న మామ చేతిలో కాఫీ గ్లాసుతో అట్లాగే బయటికి వచ్చి, మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాడు. అవ్వ లేచి నిలబడింది.

"పెద్దోళ్లు అంతమంది కలిసి ఊరికి మంచి చేస్తాంటే, ఆగండి సామీ, ఈడ మా చెట్లుండాయి అని ఎట్ల చెప్పేది? కొండేమన్నా మాదా?"

మామ గ్లాసులో మిగిలిన కాఫీ పారబోసి అంగడికి పోయాడు. ఆ సాయంత్రం అరుగుమీద సంగతి చెబితే స్నేహితులు తేలిగ్గా కొట్టేశారు. ప్రభుత్వం కొండ అది, వాళ్లకేమైనా పట్టా ఉందా అని ఒకాయన, మొదళ్లున్నాయి గదా, వానలు పడితే చిగుర్లు అవే వస్తాయి అని ఇంకొకాయన. చిగుర్లు వస్తాయి సరే, కాయ కాసేదాకా వాళ్లేం తింటారని ఎవరూ అనలేదు. మెట్లపని ముగింపుకు వచ్చింది, తెరిచే రోజుకు పెద్ద ఆఫీసరు వస్తున్నాడు, ఇప్పుడు ఇది బయట పెట్టుకుంటే మన పరువేం గాను అన్నారు. మామకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు ఆయన అంగట్లోంచి కొత్త స్టీలు గిన్నెలు బుట్టకెత్తుకుని, ఆడవాళ్లున్న ఇళ్లకు ఒంటరిగా పోవడం బాగుండదని నన్ను తోడు రమ్మని, ఆ వాడకు బయలుదేరాడు. ఇంటికొక గిన్నె ఇచ్చి తప్పయిందని చెప్పాలని ఆయన ఉద్దేశం. దారంతా ఏమి చెప్పాలో లోపల లోపల అనుకుంటున్నట్లు పెదవులు కదులుతూనే ఉన్నాయి. మేము పోయేసరికి వాడంతా కలవరపడిపోయింది. ఎవరో మంచం వాల్చారు, ఎవరో దుప్పటి పరిచారు, ఒక పిల్ల పరిగెత్తిపోయి ఎక్కడినుంచో బెల్లం అప్పు తెచ్చింది. పండ్లవ్వ ముందుకు వచ్చి, మామ నోరు తెరిచే లోపలే, ఎన్నాళ్లుగానో దాచుకున్న మాట అన్నట్లు అనేసింది.

"అన్ని వీధులకీ ఆదివారం ఇచ్చినారు, మా వీధికే ల్యాకపాయె, మేమేం తప్పు చేసినామో అనుకుంటాంటిమి సామీ. ఇప్పుడన్నా వచ్చినారు. దుడ్లు ఇచ్చుకోలేము గానీ, ఒక్క ఆదివారం ఇయ్యండి, మేమూ పని చేస్తాము."

మామ మంచంమీద కూర్చున్నవాడు అట్లాగే తల వంచుకున్నాడు. తప్పయిందమ్మా అన్నాడు గాని ఆ మాట ఆమెకు వేరేగా వినబడింది, ఆదివారం ఇవ్వనందుకు అనుకుంది. దానికేముంది సామీ, పెద్దపనిలో మరుపు ఉంటుంది అని ఆయన్నే ఓదార్చింది. గిన్నెలు తీసుకున్నారు, తీసుకుని కళ్లకద్దుకున్నారు, పనికి ముందుగానే తాంబూలం ఇచ్చినట్లు. అప్పు తెచ్చిన ఆ బెల్లంతో కాచి ఇచ్చిన కాఫీ ఆఖరి చుక్కదాకా తాగాము. ఒక్క ఆదివారం ముందే వాళ్లదై ఉంటే, ఏది కంపో ఏది పండ్లచెట్టో వాళ్లే చూపించేవాళ్లు కదా. అడగాలని మా అరుగుమీద ఒక్కరికీ తోచలేదు, గ్లాసులు అందించిన నాకూ తోచలేదు.

అవ్వ అడిగినట్లే మామ ఆదివారం ఇచ్చాడు. ఆ వాడ ఆడవాళ్లు వచ్చి, కొట్టిన మొదళ్లను మేకలు మేయకుండా చుట్టూ ముళ్లకంప నాటారు, సందుల్లో రాళ్లు పేర్చారు. ఊరి నుంచి మామా నేనూ తప్ప ఎవరూ రాలేదు. తరువాతి వారం మెట్లు తెరిచారు. బండకు ఒక పలక బిగించారు, అందులో వీధుల పేర్లన్నీ ముందే చెక్కేసి ఉన్నాయి, కొండ కింది వీధి పేరు లేదు. ఒక్కో వీధిని పిలిచి తాంబూలం ఇచ్చారు, వాళ్లను పిలవలేదు. చివరికి మామకు శాలువా కప్పుతామని పిలిస్తే, ఆయన ఆ వాడ ఆడవాళ్లతో నిలబడిన నా వైపు ఒకసారి చూశాడు. వద్దంటాడేమో అనుకున్నాను. అనలేదు. అంతమందిలో, ఆఫీసరు శాలువా విప్పి పట్టుకుని నిలబడి ఉంటే, ఆయన మెడ వంచాడు. కింద జనంలో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది పండ్లవ్వ, అది చూసి మిగతావాళ్లూ కొట్టారు, నేనూ కొట్టాను.

ఆ ఏడు బస్టాండులో గంపలు కనబడలేదు. వానలకు మొదళ్లు చిగిర్చాయి, నిజమే. కాని చిగురు చెట్టయి కాయ కాసేదాకా కడుపులు ఆగవు కదా, ఆ ఆడవాళ్లు ఒక్కొక్కరే పిల్లలనెత్తుకుని బెంగుళూరుకు మట్టిపనికి బస్సెక్కారు. అవ్వ కొన్నాళ్లు చింతచిగురూ, వేపపుల్లలూ అమ్మింది, ఆ తరువాత ఆమె కొడుకు వచ్చి తీసుకుపోయాడన్నారు. ఇంకొన్నేళ్లకు పొదలు విరగకాసినప్పుడు కోసేవాళ్లు లేక చిలకలు తిన్నాయి. మామ బతికున్నన్నాళ్లు ఆ దారి గురించి ఎవరైనా పొగిడితే అంగడి తాళం మరిచిపోయానంటూ లేచి వెళ్లిపోయేవాడు. ఇంట్లోవాళ్లు దాన్ని వినయం అనుకున్నారు, పిల్లలకూ అట్లాగే చెప్పారు.

కొండమీది కుర్రవాళ్ల సంగతి వేరు గాని, ఇప్పుడు ఊళ్లో పెద్ద పనులు ఎవరు చేస్తున్నారో ఊరివాళ్లకే తెలియదు. కాంట్రాక్టరు మనిషి ఎవరో పొద్దున వస్తాడు, యంత్రం వస్తుంది, మధ్యాహ్నానికి ఒక గుట్ట చదునవుతుంది. అక్కడ ఏముండేదో, దానిమీద ఎవరు బతికేవాళ్లో అడిగేందుకు మనిషి దొరకడు, తప్పయిందని చెప్పడానికి ఎవరి గడపకూ ఎవరూ పోరు. మా మామ వెళ్లాడు. చెప్పవలసింది చెప్పలేకపోయినా, ఆ గడపదాకా బుట్ట మోసుకుని పోయాడు. నేను ఆయన పక్కనే నిలబడి, అవ్వ పొరబడిందని తెలిసి కూడా, మేము వచ్చింది చెట్లు కొట్టిన తప్పుకని ఆమెకు చెప్పలేదు. ఆమె చివరిదాకా మమ్మల్ని మంచివాళ్లనే అనుకుని ఉంటుంది.