ప్లే కాని వీడియోలో ఆయన ఇటు తిరిగాడు

దెయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లుమంట. ఎవరైనా మొదలుపెడితే "ఆపండి మీ సోది" అనే రకాన్ని. పదేళ్లుగా తెనాలిలో ఫంక్షన్లకు వీడియో మిక్సింగ్ చేస్తున్నాను. తెర మీద ఏం కనిపించినా, ఎవరో ఒకరు నడుం విరిగేలా కూర్చుని అతికిస్తేనే వస్తుందని నాకు తెలుసు.

పోయినేడాది నిజాంపట్నం నుంచి ఒకావిడ వచ్చింది. కూతురికి ఓణీల ఫంక్షన్. భర్త రెండేళ్ల కిందట సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. ఆయన వీడియో ఒక్కటే ఉంది. బోటులో కూర్చుని వల బాగుచేసుకుంటుంటాడు, వీపు ఇటు. పందొమ్మిది సెకన్లు.

"ఓణీ కట్టుకునే ముందు పిల్లకి వాళ్ల నాన్న కనిపించాలి చెల్లెమ్మా" అంది.

పిల్ల ఫొటోలన్నీ వరసగా పేర్చి, చివరి స్లైడులో ఆ ముక్క పెట్టాను. మొహం కాస్తయినా దొరుకుతుందేమోనని ఆపి ఆపి చూశాను. దొరకలేదు.

ఫంక్షన్ రేపల్లెలో, పొద్దున పదకొండింటికి. మేనమామ ఓణీ పళ్లెంతో నిలబడ్డాడు. ఫొటోలు చక్కగా వచ్చాయి. చివరి స్లైడు నల్లగా ఉండిపోయింది. ఫైలు దొరకలేదని మెసేజ్.

నా తెలివి తెల్లారినట్టే ఉంది! షాపు కంప్యూటర్ నుంచి పెన్‌డ్రైవులోకి స్లైడ్‌షో ఒక్కటే ఎక్కించాను. వీడియోని కూడా దాంతో పాటు కాపీ చేసుకోవాలి, లేకపోతే స్లైడులో ఖాళీ గడే మిగులుతుంది. కొత్తవాళ్లకి నేను రోజూ చెప్పే పాఠమే అది. లాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాను. వైరు మార్చాను. అంతా వెతికాను. ఆవిడ పాత ఫోను, నాకు వీడియో ఇచ్చాక నీళ్లలో పడి పాడైపోయిందట. షాపుకి ఫోన్ చేస్తే అక్కడ కరెంటు లేదు.

ముహూర్తం దాటిపోతోందని పెద్దవాళ్లు సణుగుతున్నారు. పిల్ల మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "నాన్నని చూశాకే కట్టుకుంటా" అంది.

"నా తప్పే అమ్మలూ" అన్నాను. ఏడుపొచ్చేసింది.

అప్పుడు తెర మీద నీళ్ల వెలుతురు కదిలింది. ఒట్టు, నా చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. బోటు మెల్లగా ఊగుతోంది. శబ్దం లేదు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు కూడా వినిపించలేదు. ఆయన వల కుడుతూ కుడుతూ ఆగాడు. చేతులు లుంగీకి తుడుచుకుని ఇటు తిరిగాడు. ఎండకి కళ్లు చికిలించి, ఎవరినో వెతికి, కనబడినట్టు నవ్వాడు. ఎంతసేపో చెప్పలేను. అందరి మొహాల మీదా నీళ్ల నీడలు ఆడుతున్నాయి.

"నన్ను చూశాడమ్మా" అంది పిల్ల. లేచి వెళ్లి ఓణీ అందుకుంది.

లాప్‌టాప్ వైపు చూశాను. అదే నల్ల గడి, అదే మెసేజ్.

సాయంత్రం షాపులో అసలు వీడియో వేసి చూశాను. పందొమ్మిది సెకన్లూ వీపే. బాపట్లలో కంప్యూటర్లు రిపేరు చేసే మా తమ్ముడికి లాప్‌టాప్ ఇస్తే, రెండు రోజులు కెలికి, "ఇందులో ఆ వీడియో అసలు ఆడనే లేదక్కా" అన్నాడు.

ఉన్న ముక్కే ఆవిడకి పంపాను. మర్నాడే ఫోన్ చేసింది. "ఇది కాదు చెల్లెమ్మా. ఆయన ఇటు తిరిగింది పంపవా? పిల్ల రోజూ అడుగుతోంది."

"వెతుకుతున్నానక్కా" అన్నాను.

ఇప్పటికీ నెలకోసారి ఫోన్ చేస్తుంది. ఇప్పటికీ అదే చెబుతున్నాను. అలాంటిది లేదని చెప్పడానికి నోరు రాదు. నేనూ చూశాను మరి.