ఎత్తి పోసుకుంటే ఒలికిన నీళ్లు

2023 నవంబరు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఒక టిఫిన్ సెంటర్ ఉంది. దాని పైన, మొదటి అంతస్తులో మా ట్రావెల్స్ ఆఫీసు. అప్పటికి అక్కడ నాకు పందొమ్మిదో ఏడు. నా పని గ్రూప్ డిపార్చర్స్. అంటే ఒకే చోటికి, ఒకే రోజు బయల్దేరాలనుకునే పాతిక ముప్పై మందిని కూడగట్టి, వాళ్ల కాగితాలు సరిచూసి, టికెట్లు, గదులు, భోజనాలు కుదర్చడం. వాళ్లు తిరిగొచ్చాక ఏది బాగుందో ఏది బాగాలేదో అడిగి రాసుకోవడం కూడా నా పనే. ఈ చివరి పని నాకెందుకు అప్పగించారో మా యజమాని ఒకసారి స్టాఫ్ మీటింగులో చెప్పారు. "పద్మజగారికి ఫిర్యాదులంటే ప్రాణం" అన్నారు. అందరూ నవ్వారు. పన్నెండేళ్లయినా, ఎవరెవరు నవ్వారో, ఎవరు ఎక్కడ కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ ఏడాది ముంబై నుంచి లక్షద్వీప్ దాకా వెళ్లి వచ్చే క్రూజ్ షిప్‌కి ఒక గ్రూపు తయారుచేశాను. ఇరవై ఆరుగురు. చాలామంది అశోక్‌నగర్, నారాయణగూడ వాళ్లు, పొద్దున పార్కులో కలిసి నడిచే పెద్దవాళ్లు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లాను. సముద్రం మీద కడుపులో తిప్పితే ఏం చెయ్యాలన్న దగ్గర్నుంచి ఓడలో పెరుగన్నం దొరుకుతుందా అన్నదాకా ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పింది నేనే. తీరా బయల్దేరే ముందు టూర్ మేనేజరుగా సుధాకర్‌ని పంపారు. గ్రూపు వెంట ఓడెక్కి అన్నీ చూసుకునే మనిషిని టూర్ మేనేజర్ అంటాం. సుధాకర్ నాకంటే ఆరేళ్లు వెనక చేరినవాడు. "ఓడలో అన్నీ మెట్లేనట, మీకెందుకమ్మా శ్రమ" అన్నారు యజమాని. పక్కనే నిలబడ్డ సుధాకర్ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ రోజు నుంచి నేనూ అతనితో పని మాట తప్ప మాట్లాడలేదు.

అయినా బ్రీఫింగ్ నేనే ఇచ్చాను. ప్రయాణానికి ముందు అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి ఓడ కంపెనీ నియమాలు చదివి చెప్పడమే బ్రీఫింగ్. అందులో ఒక కొత్త నియమం ఉంది. ఓడలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు తీసేశారు. వాటి బదులు కార్టన్లు. పైన దళసరి అట్ట, లోపల పల్చటి పొర, నెత్తిన ఒక పక్కగా తిప్పే మూత. గదుల్లో గాజు గ్లాసులుంటాయి. డెక్ మీదా, దీవికి తీసుకెళ్లే చిన్న పడవల్లోనూ మాత్రం ఈ కార్టన్ చేతికిస్తారు. సముద్రంలో ప్లాస్టిక్ పడకూడదని ఈ ఏర్పాటు. అందరికీ నచ్చింది.

"డబ్బాల నీళ్లా? ఎట్ల తాగాలె?" అని ఒకాయన అడిగారు.

"బాటిల్ లెక్కనే సార్. మూత తీసుడు, తాగుడు. అంతే" అన్నాను.

అప్పటికి ఆ కార్టన్ని నేను ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు. కంపెనీ పంపిన బొమ్మ చూసి చెప్పిన మాట అది.

అడిగినాయన పేరు వెంకట్రాజం. నారాయణగూడలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై నాలుగేళ్లు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యారు. అశోక్‌నగర్‌లో రెండో అంతస్తులో ఆయనా, భార్య సుగుణమ్మగారూ ఉంటారు.

గ్రూపు తిరిగొచ్చింది. అంతా బ్రహ్మాండంగా జరిగిందని సుధాకర్ చెప్పాడు. అతను ఎప్పుడూ అదే చెబుతాడు. నేను ఫీడ్‌బ్యాక్ ఫారాలు తిరగేశాను. ఇరవై అయిదు ఫారాల్లో టిక్కులు, చుక్కలు, బొమ్మ నవ్వులు. వెంకట్రాజంగారి ఫారంలో ఒక్క టిక్కూ లేదు. కింద గుండ్రటి అక్షరాలతో ఒకటే వాక్యం. "నీళ్ల డబ్బా నాకు చేతకాలేదు. తప్పు నా చేతులదే."

తప్పు తనదేనని రాసిన కస్టమర్ని నేను అంతకుముందు చూడలేదు. నేనైతే ఎక్కడా అలాంటి వాక్యం రాసినదాన్ని కాదు. ఆయన తరఫున నాకు కోపం వచ్చింది. మర్నాడు పొద్దున అశోక్‌నగర్ వెళ్లాను.

సుగుణమ్మగారు తలుపు తీశారు. ఆయన పెన్షన్ పని మీద బ్యాంకుకు వెళ్లారట. ఆమె ఎడమ చెంప మీద తడి చార కనబడింది. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. కాదు, కంటి మందు. కంట్లో ప్రెషర్ ఉంది ఆమెకి. రోజుకు రెండు పూటలా ఒక్కో కంట్లో ఒక్కో చుక్క పడాలి. ఒక్క పూట కూడా తప్పించొద్దని, పోయిన చూపు మళ్లీ రాదని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాలుగేళ్లుగా ఆ చుక్క వేస్తున్నది వెంకట్రాజంగారు. ఓడ దిగినప్పటి నుంచి వెయ్యడం లేదు.

పడవలో ఏం జరిగిందో ఆమె చెప్పారు. దీవికి పోతుంటే అందరికీ డబ్బాలిచ్చారు. ఈయన ఎప్పటిలాగే తల వెనక్కి వాల్చి, డబ్బా పైకెత్తి పోసుకున్నారు. ఎంగిలి చేసే అలవాటు పుట్టి బుద్ధెరిగి లేదు. నీళ్లు ఒక్కసారిగా గుభుక్కుమని ముఖం మీద పడ్డాయి. ముక్కులోకి పోయి పొలమారింది. చొక్కా అంతా తడిసింది. సర్దుకుని మళ్లీ ఎత్తారు. మళ్లీ అదే. అప్పుడు సుధాకర్, "పెద్దాయనా, పాలసీసా తెప్పించాల్నా?" అన్నాడు. పడవంతా నవ్వింది.

"ఆ నవ్వుకు ఏం కాలేదమ్మా. మా సారుకు నవ్వులు కొత్తనా? చేతుల దిక్కు చూసుకుంట కూసున్నడు. ఇగ నీ కంట్ల చుక్క నేను వెయ్యను, సీసా మొన కంట్ల గుచ్చుకుంటే ఏం చెయ్యాలె, అంటడు" అన్నారామె.

పొద్దున కింది వాటాలో కిరాయికున్న అమ్మాయి ఆఫీసుకు పోతూ వేసి వెళుతుంది. సాయంత్రం ఈమే అద్దంలో చూసుకుంటూ వేసుకోవాలని చూస్తారు. చుక్క చెంప మీదికి జారుతుంది. ఆ పిల్ల ఊరికి పోయిన ఈ రెండ్రోజులూ పొద్దుటి చుక్కా అంతే.

ఆయన చేతుల సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. బ్యూరెట్ అని ల్యాబులో ఒక పొడవాటి గాజు గొట్టం ఉంటుంది, కింద చిన్న కుళాయితో. దాంట్లోంచి ద్రావణాన్ని చుక్కచుక్కగా వదలాలి. ఒక్క చుక్క ఎక్కువైతే కింద ఫ్లాస్కులో ఉన్నదాని రంగు ముదిరిపోయి లెక్క తప్పుతుంది. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు ఆ ఒక్క చుక్క దగ్గర ఎలా ఆగాలో చూపించిన చెయ్యి అది.

నేను ఆఫీసుకొచ్చి ఓడ కంపెనీకి కంప్లయింట్ రాశాను. ఇందులో నాకు పేరుంది. నియమం నంబరు, పడవ పేరు, జరిగింది, కోరేది, అన్నీ పద్ధతిగా. కేసు బలంగా ఉండాలని ఒక వాక్యం నా సొంతంగా చేర్చాను. వయసు మీరి చేతులు వణికే ప్రయాణికుడికి ఇలాంటి డబ్బా ఇవ్వడం నిర్లక్ష్యం అని. జవాబు వచ్చింది. మరే ప్రయాణికుడూ ఇలా చెప్పలేదట, కార్టన్ పర్యావరణానికి మేలట, ఆ పెద్దాయన ఆరోగ్యం కుదుటపడాలని కోరుకుంటున్నారట. నన్ను 'డియర్ సర్' అన్నారు. నా పేరు కింద స్పష్టంగా ఉంది. మళ్లీ రాశాను. అలా తొమ్మిది మెయిళ్లు నడిచాయి.

తొమ్మిదోదాని తర్వాత ఆ ఉత్తరాలన్నీ ప్రింటు తీసి వెంకట్రాజంగారికి తీసుకెళ్లాను. మీ కోసం ఎంత కొట్లాడుతున్నానో చూడండి అన్నట్టు ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొదటి కాగితం నెమ్మదిగా చదివారు. ఒకచోట వేలు ఆగింది.

"చేతులు వణికేటోడని రాసినవా బిడ్డా?"

"కేసు బలంగ ఉంటదని, సార్."

"ఆఁ" అన్నారాయన. తర్వాత కాగితాలు అంచులు కలిసేలా సర్ది నా చేతికిచ్చారు. "చాయ్ తాగిపో."

చాయ్ సుగుణమ్మగారే పోశారు. ఆయన కప్పు ముట్టుకోలేదు, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ చేతుల్ని నేను మొదటిసారి సరిగా చూశాను. వణకడం లేదు. మెయిళ్లు రాసిన ఇన్ని రోజుల్లో ఒక్కసారి చూసి ఉంటే ఆ వాక్యం రాసేదాన్ని కాదు. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో అన్నీ గుర్తుంచుకునే నేను, పడవలో నవ్విన మాట కంటే పెద్ద మాట ఆయన్ని అన్నాను. దాని మీద సంతకం కూడా పెట్టాను.

మర్నాడు సుధాకర్ బల్ల దగ్గరికి వెళ్లాను. ఓడ నుంచి ఆ డబ్బాలేమైనా తెచ్చావా అని అడిగాను. నేనే వచ్చి అడిగేసరికి అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంట్లో చూపించడానికి మూడు తెచ్చాడట. గంటలో బండి మీద ఇంటికి పోయి తీసుకొచ్చాడు.

ఆఫీసు బాల్కనీలో నిలబడి ఒక డబ్బా ఎత్తి పోసుకున్నాను. గుభుక్కుమని ముఖం మీద, మెడ మీద, చీర మీద. సుధాకర్ నవ్వలేదు. రెండోది తీసుకుని తను ఎత్తాడు. కాలరు నుంచి బొత్తాల దాకా తడిసిపోయాడు. ఇద్దరం ఒకర్నొకరు చూసుకున్నాం.

"మాస్టర్ని పిలుద్దాం మేడమ్" అన్నాడు.

కింద టిఫిన్ సెంటర్లో కాఫీ మాస్టర్ యాదగిరి. కుడిచేతి గ్లాసు నెత్తి దాకా ఎత్తి, మోకాలి దగ్గరున్న ఎడమచేతి గ్లాసులోకి పోస్తాడు. గల్లా దగ్గరున్నాయనతో మాట్లాడుతూ, చూడకుండానే. బొట్టు కింద పడదు. చెయ్యి కుదురంటే చిక్కడపల్లిలో అతని తర్వాతే ఎవరైనా. పైకొచ్చాడు, డబ్బా ఎత్తాడు, తడిశాడు. ముఖం తుడుచుకుంటూ, "ఏందక్కా ఇది, మందు పెట్టిన్రా?" అన్నాడు.

ఆ సాయంత్రం డబ్బాలు మళ్లీ నింపుకుని సుధాకరూ నేనూ అశోక్‌నగర్ వెళ్లాం. రానని అతను అనలేదు. గడపలోనే, "సార్, ఆ రోజు నేను గట్ల అనకుండ ఉండాల్సింది" అన్నాడు. వెంకట్రాజంగారు లోపలికి రమ్మన్నట్టు చెయ్యి ఊపారు. మాస్టర్ కూడా తడిశాడని చెప్పాను. ఆయన నమ్మలేదు. మంచితనానికి చెబుతున్నామనుకున్నారు. సుధాకర్ వాష్ ఏరియాలోకి వెళ్లి, ఆయన చూస్తుండగా డబ్బా ఎత్తి, ఆ రోజుకి రెండో చొక్కా తడుపుకున్నాడు.

అప్పుడు ఆయన ముఖం మారింది. జాలిపడ్డ ముఖం కాదు, ల్యాబులో ముఖం. "మళ్ల పొయ్యి" అన్నారు. ఈసారి బకెట్‌లోకి. "ఆపు. మళ్ల." మూడోసారి డబ్బా ఆయనే అడిగి తీసుకున్నారు. చుట్టూ తిప్పి చూశారు. పక్కలు నొక్కారు. మూత ఉన్న మూలను వేలితో తడిమారు.

"గాలి" అన్నారు.

తర్వాత విడమరచి చెప్పారు. నీళ్లు బయటికి రావాలంటే ఆ చోటులోకి గాలి పోవాలి. ప్లాస్టిక్ బాటిల్ మెత్తన, మన పిడికిలికి లొంగుతుంది, నొక్కుతూ పోసుకుంటాం. ఇది అట్ట, అంతగా లొంగదు. పైగా మూతి మధ్యలో లేదు, ఒక అంచున ఉంది. మూతి కిందివైపుకు వచ్చేలా వంచితే నీళ్లు దాన్ని నిండా మూసేస్తాయి. గాలి దారి కోసం కొట్లాడుతుంది. ఆ కొట్లాటే గుభుక్కుమనడం. నోటితో కరుచుకుని తాగేవాళ్లకు ఇది తెలియదు. ఎత్తి పోసుకునేవాళ్లకే తెలుస్తుంది.

డబ్బాను చేతిలో సగం తిప్పారు. ఇప్పుడు మూతి పైఅంచున ఉంది. తల వాల్చి, జానెడు ఎత్తు నుంచి వంచారు. సన్నటి ధార, తెగకుండా, చప్పుడు లేకుండా నోట్లోకి దిగింది. సగం డబ్బా తాగి మూత పెట్టారు. చొక్కా మీద ఒక్క చుక్క లేదు.

"డబ్బా మంచిదే. పట్టుకునుడు ఎవరు చెప్పలే" అన్నారు.

ఎవరు చెప్పాలో ఆయన అనలేదు. బాటిల్ లెక్కనే అని చెప్పింది నేనే.

సుగుణమ్మగారు అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. లోపలికి పోయి, ట్యూబులైటు కింద కుర్చీ వేసుకుని కూర్చుని, ముఖం పైకెత్తారు. మందు సీసా పట్టుకున్న చెయ్యి పక్కకు చాపి ఉంచారు, ఆయన వచ్చి తీసుకునేదాకా. ఆయన సబ్బుతో చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుని వెళ్లారు. ఎడమచేత్తో ఆమె కింది రెప్ప కొద్దిగా లాగారు. ఒక చుక్క. అటు కంట్లో ఒక చుక్క.

"పడ్డదా?"

"పడ్డది. ఇన్నొద్దులు ఏడవోయినవ్?" అన్నారామె కళ్లు మూసుకునే.

సుధాకర్ బాల్కనీలోకి వెళ్లి చొక్కా పిండుకుంటూ చాలాసేపు అక్కడే ఉన్నాడు.

ఓడ కంపెనీకి పదో మెయిల్ రాశాను. చేతులు వణికే ప్రయాణికుడన్న మాట తప్పని, అది నా తప్పని మొదటి వాక్యంలోనే రాశాను. డబ్బా ఎలా పట్టుకోవాలో వెంకట్రాజంగారు గీసిచ్చిన బొమ్మ జత చేశాను. జవాబు రాలేదు. మరుసటి ఏడాది వాళ్లు పంపిన బ్రీఫింగ్ కాగితాల్లో మాత్రం డబ్బాను మూతి పైకి పెట్టి పట్టుకున్న చెయ్యి బొమ్మ ఉంది. కింద ఆయన పేరూ లేదు, మా ఆఫీసు పేరూ లేదు. అది నేను మరిచిపోలేదు, పోను కూడా.

కానీ నా పనిలో ఒకటి మారింది. చేత్తో పట్టుకుని చూడని వస్తువు గురించి ఎవరికీ చెప్పను. మనిషిని దగ్గర కూర్చుని చూడకుండా అతని తరఫున కాగితం రాయను. బ్రీఫింగ్ ఇప్పుడు ఆఫీసు బాల్కనీలో జరుగుతుంది. ఓడెక్కే ప్రతి ఒక్కరూ ఒక డబ్బా ఎత్తి పోసుకుని చూడాలి. నేర్పడానికి వెంకట్రాజంగారు వస్తారు. కింద మాస్టర్ దగ్గర కాఫీ తాగి, మెల్లగా మెట్లెక్కి వస్తారు.

నేనొక్కదాన్నే ఏదీ మరిచిపోనని అనుకునేదాన్ని. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు ఆయన అందరి ఎదుటా రెండు చేతులూ నా ముందుకు చాపుతారు, అరచేతులు కిందికి, వేళ్లు విడదీసి.

"చూడు బిడ్డా, వణుకుతున్నయా?"

"లేదు సార్."

"రాస్కో" అంటారు.