గొడుగుకి ఓటెయ్యమన్నాక

పాతపట్నం పక్క పల్లెలో మాజీ ఎమ్మెల్యే జగన్నాధం గారు బిందె పార్టీ సభకి వెళ్లి, మెడలో బిందె పార్టీ కండువా వేసుకుని, మైకు ముందు నిలబడి "మీ ఓటు గొడుగు గుర్తుకే" అన్నారు. గొడుగు పార్టీని ఆయన వదిలేసి ఏళ్లు గడిచిపోయాయి. కింద కారుకి ఆనుకుని నిలబడ్డ డ్రైవరు దాలయ్య తల పట్టుకున్నాడు. అయిపోయింది, బాబు గారి మతిమరుపు జబ్బు లోకానికి తెలిసిపోయింది అనుకున్నాడు.

ఎక్కడ! జనానికి ఆ ఆలోచనే రాలేదు. పార్టీలు మారడంలో ఆయన చెయ్యి తిరిగిన మనిషి మరి. పెద్దాయన మళ్లీ గోడ దూకుతున్నాడని మర్నాడు పేపర్లు రాశాయి. బిందె వాళ్లు హడలిపోయి, కుర్రాడెవడికో ఇద్దామనుకున్న టికెట్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. మతిమరుపుకి టికెట్టు రావడమేమిటో దాలయ్య బుర్రకెక్కలేదు. నవ్వాలో ఏడవాలో కూడా తెలియలేదు.

ముప్పయ్యేళ్లుగా ఆ ఇంటి ఉప్పు తింటున్నవాడు దాలయ్య. ఇడ్లీ తిని చెయ్యి కడుక్కుని, టిఫినెప్పుడు పెడతారని అడిగే మనిషిని రోజూ చూస్తున్నాడు. కన్నకూతురి పేరుకి తడుముకోవడమూ చూశాడు. అయినా ఒకటి తేలడం లేదు. దాలయ్య ఊరికి రోడ్డు వేయిస్తానని బాబు ప్రతి ఎన్నికకీ మాటిచ్చేవారు, గెలిచాక మరచిపోయేవారు. అదీ జబ్బేనా? అసలీ జబ్బు ఎప్పుడు మొదలైనట్టు? నాయకుడికి మరుపు రోగమో గుణమో ఏ డాక్టరు తేలుస్తాడు? ఈ ఎండల్లో ఊరూరా తిప్పితే మాత్రం మనిషి దక్కడు. నోరు విప్పితే బాబు పరువు పోతుంది, విప్పకపోతే బాబే పోతారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

నామినేషన్ రోజు వాకిట్లో డప్పులు మోగుతుంటే పార్టీ పంపిన రమేష్‌బాబు దండలతో దిగాడు. దాలయ్య అతన్ని పక్కకి పిలిచి చేతులు జోడించాడు.

"బాబుకి ఏటీ గుర్తుండట్లేదండి. ఆయన్ని ఒగ్గీండి, ఇంటికాడే ఉండనీండి."

రమేష్‌బాబు ఎగాదిగా చూసి, గొడుగు వాళ్లు నిన్ను కొనేశారా అన్నాడు. అక్కడితో ఆగాడా? జబ్బ పట్టుకుని లాక్కెళ్లి, మీకు మతి పోయిందంటున్నాడండీ మీ డ్రైవరు అని పెద్దాయనకి అందరి ముందూ చెప్పేశాడు. దాలయ్య సిగ్గుతో చచ్చిపోయాడు.

జగన్నాధం గారు దాలయ్య వైపు తిరిగారు. ఆ వేళ ఆయన చూపు తేటగా ఉంది.

"ఆడు అబద్దమాడడు," అన్నారు. "నాకు మతి నిలవట్లేదు. నాను ఏ పార్టీయో నాకే తెలీట్లేదు."

డప్పులు ఆగిపోయాయి. రమేష్‌బాబు ముందు తెల్లబోయి, తర్వాత పగలబడి నవ్వాడు. మంత్రి పదవి ఇస్తామంటే గాని కదలరన్నమాట, ఏం రాజకీయమండీ మీది అంటూ వంగి కాళ్లకి దణ్ణం పెట్టాడు. జనం ఈలలు వేశారు.

దాలయ్య కారు తాళం జేబులో వేసుకుని, బండి కదలదని చెప్పాడు. దానికేముంది, వెనక ఇంకో కారుంది, ఇంకో డ్రైవరున్నాడు. పెద్దాయన్ని దండలతో సహా ఎత్తినంత పనిచేసి అందులో కూర్చోబెట్టారు. కారు కదులుతుంటే ఆయన తల బయటపెట్టి దాలయ్య కోసం వెతుక్కున్నారు.

"నిజమే సెప్పినాను కదరా దాలయ్యా," అన్నారు. "ఈళ్లు నవ్వుతారేటి?"