వంకాయ పూతకు వణికే చెయ్యి

పెద్దాయన చెయ్యి వణకడం మొదలుపెట్టింది పోస్టుమాస్టరు చెవి దగ్గర. జుట్టు కత్తిరిస్తుండగా కత్తెర జారింది, రక్తం చుక్కంతే వచ్చింది. "ఏం పర్లేదు" అన్న పోస్టుమాస్టరు ఆ మరుసటి నెల నుంచి పక్క వీధి సెలూన్‌కి మారిపోయాడు. దుకాణంలో తనతోపాటు పనిచేసే కొడుకు మంచివాడు, తండ్రిని ఒక్క మాటా అనలేదు. కత్తెర మాత్రం పై అరలోకి ఎక్కింది.

పెద్దాయన ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోవడమూ ఆయనకు చేతకాలేదు. కాసేపటికే లేచి గుమ్మం కేసి, గడియారం కేసి, భార్య కేసి చూసేవాడు. ఆయనకు కావలసింది ఒక్కటే, మళ్లీ దుకాణంలో ఆ తిరిగే కుర్చీ వెనక నిలబడాలి. డాక్టరు మాత్రలు మారుస్తూనే ఉన్నాడు. చెయ్యి మాత్రం మారలేదు.

భార్య డాబా మీద తొట్లలో వంగమొక్కలు పెంచుతోంది. ఎరువు వేసింది, వేపనూనె కొట్టింది, ఆకుల కింది పురుగుల్ని ఏరి, తిట్టి మరీ చంపింది. పూత విరగబూసింది. పూసింది పూసినట్టే రాలిపోయింది. ఆవిడ వెళ్లి మొక్కలమ్మే అతన్ని నిలదీసింది.

"ఈ ఇళ్ల మధ్యకి తేనెటీగలు ఎక్కణ్ణించి వస్తాయమ్మా? పొద్దున్నే పువ్వు పట్టుకుని వణికించాలి. ఊపకూడదు. సన్నగా, వదలకుండా వణికించాలి. అప్పుడే పుప్పొడి రాలి పిందె కడుతుంది."

ఆవిడ ఇంటికొచ్చి భర్తను ఎగాదిగా చూసింది.

"రేపు పొద్దున్నే పైకి రండి. మీ చేతికి పనుంది."

సంగతి విని పెద్దాయన ముఖం మాడ్చుకున్నాడు. "వెక్కిరిస్తున్నావా?"

"వెక్కిరించే తీరిక నాకెక్కడిది? అవతల పూత రాలిపోతోంటే!"

కోపంగానే మెట్లెక్కాడు. కోపంగానే ఊదారంగు పువ్వును పట్టుకున్నాడు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. పచ్చటి పొడి గోరు మీద పడింది. కొన్నాళ్లకు పువ్వు వాడింది గానీ రాలలేదు. దాని వెనక శనగగింజంత పిందె! ఆ పూట పెద్దాయన మారు వడ్డించుకున్నాడు.

ఆనాటి నుంచి తెల్లారితే డాబా మీదే. ప్రతి పువ్వుకీ ముందు "తల కదపకు" అని చెప్పేవాడు. అలవాటు, ఏం చేస్తాం!

అంతలో కొత్త మాత్ర ఒకటి పనిచేసింది. వేసుకున్న కాసేపటికి చెయ్యి నిలబడింది, సాయంత్రం దాకా వణకలేదు. కొడుకు కళ్లారా చూసి, కత్తెర తెచ్చి ఇచ్చాడు. "రేపట్నుంచి రా నాన్నా. గడ్డాలొద్దు, జుట్టు నువ్వే చెయ్యి." పెద్దాయన కత్తెర అందుకున్నాడు. ముఖం కడుక్కునే వంకతో కుళాయి దగ్గరికెళ్లి ఏడ్చాడు.

మర్నాడు మాత్ర వేసుకుని, పూల పని చూసుకుని వెళ్దామని డాబా ఎక్కాడు. పువ్వును పట్టుకున్నాడు. చెయ్యి కదల్లేదు. కావాలని వణికించబోతే పువ్వు తెగి చేతిలోకి వచ్చింది. వెనకే వచ్చిన భార్య అది చూసి కళ్లు తుడుచుకుంది. ఆవిడకు సంతోషమే.

"పోనిద్దురూ. చెయ్యి బాగుపడింది, అంతే చాలు. వెళ్లండి, అబ్బాయి చూస్తుంటాడు."

పెద్దాయన కదల్లేదు. ఆ పూట విచ్చిన పూలన్నింటినీ వరసగా చూశాడు.

"రేపట్నుంచి డాబా దిగాకే ఆ మాత్ర వేసుకుంటా."

"మరి పొద్దున్నే షాపుకొచ్చినవాళ్లు?"

"కూర్చుంటారు. పేపరు చదువుకుంటారు. రాలిపోరుగా!"